సభ్యులు మారారు, పేరు మిగిలింది: ‘ది డ్యామ్డ్’ బ్యాండ్ అర్ధ శతాబ్దపు లెక్కలు

2025 మార్చి 6న గిటారిస్ట్ బ్రయన్ జేమ్స్ 70 ఏళ్ల వయసులో కన్నుమూశారు. సంతాప వార్తలన్నీ ఆయన్ను ఇంగ్లండ్ పంక్ (వేగంగా సాగే పొట్టి పాటల రాక్ ధోరణి) బ్యాండ్ ‘ది డ్యామ్డ్’ వ్యవస్థాపకుడిగా పేర్కొన్నాయి. అందులో తప్పేమీ లేదు. బ్యాండ్ మొదలవడంలో ప్రధాన పాత్ర ఆయనదే, తొలి ఆల్బమ్‌లోని పాటలు దాదాపు అన్నీ ఆయన రాసినవే. అయితే 1976లో మొదలైన ఆ బ్యాండ్‌లో తొలి విడతగా ఆయన ఉన్నది రెండేళ్ల లోపే. మధ్యలో కొన్ని పునఃకలయిక కచేరీలు మినహాయిస్తే, మిగిలిన దశాబ్దాలన్నీ ఆ పేరు ఆయన లేకుండానే నడిచింది. చార్టుల్లో (అమ్మకాల జాబితాల్లో) పెద్ద విజయాలు వచ్చిందీ ఆయన వెళ్లిపోయాకే.

ఆ సమయానికే ఇంకో పాత బ్యాండ్ కూడా వార్తల్లో ఉంది. సెక్స్ పిస్టల్స్ 2024 నుంచి అసలు గాయకుడు జాన్ లైడన్‌ను పక్కనపెట్టి, యువ గాయకుడు ఫ్రాంక్ కార్టర్‌తో వేదికలెక్కుతోంది. దాంతో సందేహాలు మొదలయ్యాయి. మనుషులు మారిపోయాక అదే పేరుతో పాడటం ఎలా కుదురుతుంది? ఆ పేరు ఎవరి సొత్తు? వెళ్లిపోయినవారు రాసిన పాటలు ఉన్నవారు పాడుకోవచ్చా?

సినిమా పాటకు అలవాటుపడిన తెలుగు శ్రోతకు ఈ సందేహాలు కొంత కొత్త. మన పాట మీద రచయిత, సంగీత దర్శకుడు, గాయకుడు అంటూ ఎవరి పేరు వారికి ఉంటుంది. రాక్ బ్యాండ్‌లో ఈ ముగ్గురి పనీ ఒకే పేరు కింద కలిసిపోతుంది. ఎవరైనా బయటకు వెళ్లిన రోజున గానీ ఎవరి వాటా ఎంతో బయటపడదు. ఈ వాటాలు ఎలా విడిపోతాయో చూడటానికి డ్యామ్డ్ చరిత్ర మంచి ఉదాహరణ.

క్లుప్తంగా

డ్యామ్డ్‌లో మొదటి నుంచీ ఉన్నది గాయకుడు డేవ్ వానియన్ ఒక్కరే. కెప్టెన్ సెన్సిబుల్, రాట్ స్కేబీస్ వెళ్తూ వస్తూ ఉన్నారు. సభ్యులు మారిన ప్రతిసారీ సంగీతమూ మారింది. బ్యాండ్ పేరు, పాటల కాపీరైట్, వేదిక మీది గొంతు వేర్వేరు చేతుల్లో ఉండటం వల్లే గొడవలు వచ్చాయి, బ్యాండ్ బతికి బట్టకట్టిందీ అందువల్లే.

నలుగురూ కలిసిన తీరు

1976 నాటి బ్రిటన్‌లో నిరుద్యోగుల సంఖ్య పది లక్షలు దాటింది. ప్రభుత్వం అంతర్జాతీయ ద్రవ్యనిధి ముందు చేయి చాచింది. రేడియోలో, పెద్ద హాళ్లలో వినిపించే రాక్ సంగీతం సుదీర్ఘంగా, ఖరీదుగా తయారైంది. దానికి ఎదురుగా వచ్చిందే పంక్. పాట రెండు మూడు నిమిషాలే, గిటార్ కార్డ్‌లు (కలిపి మీటే స్వరాలు) నాలుగైదే, వేగం మాత్రం ఎక్కువ. సంగీతం నేర్చుకున్నాకే వేదికెక్కాలన్న నియమాన్ని ఈ కుర్రాళ్లు పట్టించుకోలేదు.

డ్యామ్డ్ పుట్టుక కూడా అటూ ఇటూ మారిన మనుషుల కథే. ‘లండన్ ఎస్ఎస్’ అనే బృందం ఉండేది. ఒక్క కచేరీ కూడా చేయలేదు గానీ, దాని రిహార్సళ్ల గది గుండా లండన్ పంక్‌లో సగం మంది వెళ్లారు. బ్రయన్ జేమ్స్ అందులో గిటారిస్ట్. తర్వాత ‘క్లాష్’ బ్యాండ్‌లో చేరిన మిక్ జోన్స్ ఇంకొకరు. డ్రమ్మర్ క్రిస్ మిల్లర్, అంటే రాట్ స్కేబీస్, అక్కడికి పరీక్షకు వచ్చి జేమ్స్ కంట పడ్డారు. స్కేబీస్ అంతకుముందు క్రాయ్‌డన్‌లోని ఫెయిర్‌ఫీల్డ్ హాల్స్‌లో కూలి పని చేసేవారు. అక్కడే మరుగుదొడ్లు కడిగే రే బర్న్స్‌ను బేస్ గిటార్ వాయించడానికి తీసుకొచ్చారు. ఆ రే బర్న్సే కెప్టెన్ సెన్సిబుల్. గాయకుడు డేవ్ వానియన్ శ్మశానంలో గోతులు తవ్వే పని చేసేవారు. నల్ల దుస్తులు, తెల్లగా పూసిన ముఖంతో వేదిక మీద ఆయన కట్టే రక్తపిశాచి వేషానికి ఆ ఉద్యోగం భలే నప్పింది.

1976 జులై 6న ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లోని 100 క్లబ్‌లో, సెక్స్ పిస్టల్స్ కచేరీకి ముందు డ్యామ్డ్ తొలిసారి వాయించింది. అదే ఏడాది అక్టోబర్ 22న స్టిఫ్ రికార్డ్స్ సంస్థ వారి ‘న్యూ రోజ్’ విడుదల చేసింది. బ్రిటిష్ పంక్ బ్యాండ్ తెచ్చిన తొలి సింగిల్‌గా (ఆల్బమ్‌తో పని లేకుండా విడిగా విడుదల చేసే పాటగా) చరిత్రకెక్కింది అదే. పిస్టల్స్ కంటే ఓ నెల ముందన్నమాట. 1977 ఫిబ్రవరిలో వచ్చిన ‘డ్యామ్డ్ డ్యామ్డ్ డ్యామ్డ్’ బ్రిటిష్ పంక్‌లో తొలి ఆల్బమ్. ఆ ఏప్రిల్‌లో అమెరికా వెళ్లి వాయించిన తొలి బ్రిటిష్ పంక్ బ్యాండ్ కూడా వీరే.

ఈ ‘తొలి’ల వెనుక ప్రతిభతో పాటు ఏర్పాట్ల తేడా కూడా ఉంది. పిస్టల్స్, క్లాష్ పెద్ద కంపెనీలతో బేరాలాడుతున్నప్పుడు డ్యామ్డ్ చిన్న సంస్థతో చేతులు కలిపింది. స్టిఫ్‌ను స్థాపించడానికి ‘డాక్టర్ ఫీల్‌గుడ్’ బ్యాండ్ గాయకుడు లీ బ్రిలో ఇచ్చిన 400 పౌండ్ల అప్పు సాయపడింది. రికార్డింగ్ జరిగింది ఇస్లింగ్టన్‌లోని పాత్‌వే అనే ఇరుకు స్టూడియోలో, ఎనిమిది ట్రాకుల యంత్రం మీద. నిర్మాత ‘నిక్ లో’ నలుగురితో కలిపి వాయింపించి, ఆ జోరు చెదరకుండా టేపుకెక్కించారు.

ఆల్బమ్ అట్ట గురించి ఓ ముచ్చట. తొలి ప్రతుల వెనుక అట్ట మీద డ్యామ్డ్ ఫొటో ఉండాల్సిన చోట ‘ఎడ్డీ అండ్ ది హాట్ రాడ్స్’ అనే మరో బ్యాండ్ ఫొటో అచ్చయింది. పొరపాటుకు చింతిస్తున్నామంటూ స్టిక్కర్ కూడా అంటించారు. అది పొరపాటు కాదు, అమ్మకాల కోసం స్టిఫ్ ఆడిన నాటకం. ఆ హాట్ రాడ్స్‌లో అప్పుడు బేస్ వాయిస్తున్న పాల్ గ్రే మూడేళ్లకు నిజంగానే డ్యామ్డ్‌లో చేరారు.

పాటల రచయిత వెళ్లిపోతే

తొలి ఆల్బమ్‌లో 12 పాటలున్నాయి. అందులో పది జేమ్స్ కలం నుంచి వచ్చినవే. వాటిలో ఒకదానికి మరొకరి చేయీ ఉంది. మిగిలిన రెండింటిలో ఒకటి స్కేబీస్‌ది, ఇంకొకటి ‘స్టూజెస్’ అనే అమెరికన్ బ్యాండ్ పాట. ఇంత భారం ఒక్కరి మీద ఉండటం రెండో ఆల్బమ్‌కు దెబ్బకొట్టింది. తొలి ఆల్బమ్‌కు పాత పాటల నిల్వ ఉంది. రెండోదానికి నెలల్లోనే కొత్తవి కావాలి. ఆ మధ్యలో ఊరూరా కచేరీలు.

జేమ్స్ రెండో గిటారిస్ట్‌గా లూ ఎడ్మండ్స్‌ను తీసుకొచ్చారు. నిర్మాతగా పింక్ ఫ్లాయిడ్ పాత సభ్యుడు సిడ్ బారెట్ కావాలని బ్యాండ్ అడిగితే, వచ్చింది అదే బ్యాండ్ డ్రమ్మర్ నిక్ మేసన్. పంక్ కుర్రాళ్లు ఏ సంగీతం మీద తిరగబడ్డారో ఆ సంగీతానికి చెందిన మనిషే వారి నిర్మాత అయ్యారు. 1977 నవంబర్‌లో వచ్చిన ‘మ్యూజిక్ ఫర్ ప్లెజర్’ చార్టులో చోటే దక్కించుకోలేదు. అప్పటికే స్కేబీస్ తప్పుకున్నారు. ఆయన స్థానంలో జాన్ మాస్ వచ్చారు. స్టిఫ్ బ్యాండ్‌ను వదులుకుంది. 1978 ఫిబ్రవరిలో బ్యాండ్ రద్దయినట్టు ప్రకటన వెలువడింది.

ఇక్కడితో ఆగి ఉంటే డ్యామ్డ్ పేరు పంక్ పుస్తకాల్లో ఓ అధ్యాయం తొలి పేజీకి పరిమితమయ్యేది. జేమ్స్ వేరే దారి పట్టి, కొన్నేళ్లకు అమెరికన్ గాయకుడు స్టివ్ బేటర్స్‌తో ‘లార్డ్స్ ఆఫ్ ది న్యూ చర్చ్’ కట్టారు. కానీ మిగిలిన ముగ్గురికి ఒకరి పాట ఒకరికి గుర్తొచ్చింది, చేతిలో పని లేదు. కొన్ని నెలలకే మళ్లీ కలిశారు.

పేరు వాడుకునే హక్కు లేక

1978 సెప్టెంబర్‌లో కామ్డెన్‌లోని ఎలక్ట్రిక్ బాల్‌రూమ్‌లో ‘లే పంక్స్’ పేరుతో ఓ కచేరీ జరిగింది. పాడింది వానియన్, డ్రమ్స్ స్కేబీస్, గిటార్ సెన్సిబుల్. బేస్ వాయించింది ‘మోటర్‌హెడ్’ అనే బ్యాండ్ నాయకుడు లెమ్మీ. అప్పటి నుంచి ఆ ఏడాది చివరిదాకా ‘ది డూమ్డ్’ అనే పేరుతో తిరిగారు. కారణం చట్టపరమైన భయమే. డ్యామ్డ్ అన్న పేరు మీద చిక్కులు తేలకుండా దాన్ని వాడితే దావా పడొచ్చు. అవి తేలాక 1979 మొదట్లో పాత పేరు తిరిగొచ్చింది.

ఈ దశలో పైకి చిన్నగా కనిపించే ఓ మార్పు అసలు ఫలితాన్ని తెచ్చింది. బేస్ వాయించే సెన్సిబుల్ గిటార్‌కు మారారు. చిన్నప్పటి నుంచి ఆయన చెవులు నిండిన 1960ల పాప్, సైకడెలిక్ బాణీలకు అప్పుడు దారి దొరికింది. బేస్‌కు ముందు హెన్రీ బడోవ్‌స్కీ, తర్వాత ఆస్ట్రేలియా బ్యాండ్ ‘సెయింట్స్’ నుంచి ఆల్జీ వార్డ్ వచ్చారు. ఒక్క రచయిత మీద ఆధారపడిన పద్ధతి పోయి, పాటలు నలుగురి పేరిట ఉమ్మడిగా రాసుకునే పద్ధతి వచ్చింది.

1979లో ‘లవ్ సాంగ్’ బ్రిటిష్ సింగిల్స్ చార్టులో 20వ స్థానానికి, ‘స్మాష్ ఇట్ అప్’ 35వ స్థానానికి చేరాయి. నవంబర్‌లో వచ్చిన ‘మెషీన్ గన్ ఎటికెట్’ ఆల్బమ్‌ను బ్యాండ్ అత్యుత్తమ రచనగా లెక్కించే విమర్శకులు చాలామందే ఉన్నారు. ఆ అంచనాలో అతిశయోక్తి కనిపించదు. తొలి ఆల్బమ్‌లో ఉన్నది వేగం. ఇందులో వేగంతో పాటు బాణీ, ఆర్గాన్, హాస్యం ఉన్నాయి. అదే స్టూడియోలో క్లాష్ తమ ‘లండన్ కాలింగ్’ రికార్డు చేస్తుండగా, జో స్ట్రమ్మర్, పాల్ సిమనన్ ఇటు వచ్చి ఆల్బమ్ పేరుతోనే ఉన్న పాటలో గొంతు కలిపి వెళ్లారు. వ్యవస్థాపకుడు లేని డ్యామ్డ్ ఆయన ఉన్న డ్యామ్డ్ కంటే ఎక్కువ కాలం నిలిచే రికార్డు చేసిందన్నది ఒప్పుకోవాల్సిన విషయం.

చార్టులకు దగ్గరగా, పంక్‌కు దూరంగా

1980లో వార్డ్ వెళ్లి ‘ట్యాంక్’ అనే హెవీ మెటల్ బ్యాండ్ పెట్టుకున్నారు. పాల్ గ్రే వచ్చారు. ఆ ఏడాదే వచ్చిన ‘ది బ్లాక్ ఆల్బమ్’లో ఒక పాట నిడివి 17 నిమిషాలు. నాలుగేళ్ల ముందు ఏ ధోరణిని ఎగతాళి చేశారో ఆ ధోరణిలోకే తామూ వెళ్లడానికి వీరు మొహమాటపడలేదు. 1982లో ‘స్ట్రాబెరీస్’ వచ్చింది.

అదే 1982 జులైలో అనుకోనిది జరిగింది. సెన్సిబుల్ విడిగా పాడిన ‘హ్యాపీ టాక్’, పాత బ్రాడ్‌వే సంగీత నాటకంలోని పాట, బ్రిటిష్ చార్టులో మొదటి స్థానానికి ఎక్కింది. ఎర్ర టోపీ, గుండ్రటి కళ్లద్దాల ఆ మనిషిని పంక్ అంటే ఏమిటో తెలియని ఇళ్లలోనూ పిల్లలు గుర్తుపట్టసాగారు. సొంత పాటలకు ఒక కంపెనీ, బ్యాండ్‌కు మరో కంపెనీ. ఒకే మనిషి రెండు ఒప్పందాల కింద పనిచేయడం ఎక్కువ కాలం సాగలేదు. 1984లో ఆయన తప్పుకున్నారు. గ్రే అంతకుముందే వెళ్లిపోయారు.

అప్పుడు మిగిలింది వానియన్, స్కేబీస్. కీబోర్డు వాయిస్తున్న రోమన్ జగ్ గిటార్ అందుకున్నారు, బ్రిన్ మెరిక్ బేస్‌కు వచ్చారు. ఎంసీఏ అనే పెద్ద కంపెనీతో ఒప్పందం కుదిరింది. సెన్సిబుల్ అల్లరి లేకపోవడంతో వానియన్ రక్తపిశాచి రూపమే బ్యాండ్ ముఖమైంది. అప్పుడు ఊపందుకుంటున్న గాథిక్ (చీకటి, భయానక ఛాయలున్న సంగీతం) ధోరణికి అది సరిగ్గా సరిపోయింది. 1985లో ‘ఫాంటాస్మగోరియా’ 11వ స్థానానికి, 1986లో ‘ఎలోయీజ్’ సింగిల్ మూడో స్థానానికి వెళ్లాయి. సింగిల్స్‌లో బ్యాండ్‌కు నేటికీ అదే రికార్డు. అది సొంత పాట కాదు, 1968లో బ్యారీ రయన్ పాడి హిట్ చేసిన పాటకు కొత్త రూపం.

అంటే చార్టులో అత్యున్నత స్థానం వచ్చింది వ్యవస్థాపకుల్లో సగం మందే ఉన్న, పంక్ వాసన చాలావరకు పోయిన, వేరొకరి పాట పాడిన డ్యామ్డ్‌కు. పాత అభిమానులు ఈ దశను అంతగా లెక్కలోకి తీసుకోరు. కానీ బ్యాండ్ పేరు తర్వాతి తరానికి చేరడంలో ఈ మూడేళ్ల పాత్ర చిన్నది కాదు. గాథిక్ సంగీతం వినే శ్రోతల్లో చాలామంది డ్యామ్డ్‌ను మొదట విన్నది ఈ దశలోనే. వచ్చినంత త్వరగానే ఆ విజయం కరిగిపోయింది. మరుసటి ఆల్బమ్ అమ్మకాలు తగ్గాయి, దశాబ్దం చివరికి మిగిలినవి అసలు సభ్యులతో వీడ్కోలు కచేరీలే.

1990ల్లో తలో దారి

1993లో వానియన్, స్కేబీస్ కొత్త వాద్యకారులతో డ్యామ్డ్‌ను మళ్లీ కూడగట్టారు. ఆ జట్టు చేసిన ఆల్బమ్ 1995లో జపాన్‌లో విడుదలైంది. విడుదల వ్యవహారం మీదే ఇద్దరికీ చెడింది. 1996లో వానియన్ మళ్లీ సెన్సిబుల్‌తో కలిశారు. ఇరవై ఏళ్లు డ్రమ్స్ మోగించిన స్కేబీస్ బయట ఉండిపోయారు. కారణం డ్రమ్స్ కాదు, కాగితాలు. ఆల్బమ్ ఎవరి అనుమతితో బయటికొచ్చింది, డబ్బు ఎవరికి చేరింది అన్నవే గొడవలు.

తర్వాతి జట్టులో మాంటీ ఆక్సీమోరాన్ కీబోర్డుకు, పించ్ డ్రమ్స్‌కు వచ్చారు. ‘సిస్టర్స్ ఆఫ్ మెర్సీ’లో వాయించిన ప్యాట్రీషియా మారిసన్ బేస్ అందుకున్నారు. 2001లో ‘గ్రేవ్ డిసార్డర్’ను విడుదల చేసింది నైట్రో రికార్డ్స్. దాని యజమాని అమెరికన్ పంక్ బ్యాండ్ ‘ఆఫ్‌స్ప్రింగ్’ గాయకుడు డెక్స్టర్ హాలండ్. డ్యామ్డ్ పాటలు వింటూ పెరిగిన కుర్రాడు వారికే రికార్డు కంపెనీ యజమాని అయ్యాడన్నమాట. ఆ తర్వాత బేస్‌లో స్టూ వెస్ట్, ఆయన తర్వాత 2017లో మళ్లీ పాల్ గ్రే. 2018లో టోనీ విస్కాంటీ నిర్మాతగా ‘ఈవిల్ స్పిరిట్స్’ వచ్చింది. దాని ఖర్చుకు అభిమానులే ఆన్‌లైన్‌లో ముందుగా డబ్బు కట్టారు. అది ఆల్బమ్ చార్టులో ఏడో స్థానానికి చేరింది. 42 ఏళ్ల బ్యాండ్‌కు తొలి పదిలో చోటు దక్కడం అదే మొదలు.

2022లో జేమ్స్, స్కేబీస్ సహా తొలి నలుగురూ బ్రిటన్‌లో కొన్ని కచేరీలకు ఒక్కటయ్యారు. మహమ్మారి వల్ల వాయిదా పడుతూ వచ్చిన కచేరీలవి. 2023లో స్కేబీస్ శాశ్వతంగా తిరిగొచ్చారు. ప్రస్తుత జట్టులో వానియన్, సెన్సిబుల్, స్కేబీస్, గ్రే, ఆక్సీమోరాన్ ఉన్నారు.

పేరు మీద హక్కు: చట్టం చెప్పేది

ఇంగ్లండ్‌లో కుర్రాళ్లు బ్యాండ్ కట్టేటప్పుడు సాధారణంగా ఏ కాగితమూ రాసుకోరు. రాసుకోకపోతే చట్టం దృష్టిలో అది 1890 నాటి భాగస్వామ్య చట్టం కిందికి వచ్చే వ్యాపారం. కిరాణా కొట్టుకైనా బ్యాండ్‌కైనా అదే సూత్రం. ఒకరు వెళ్లిపోతే పాత భాగస్వామ్యం ముగుస్తుంది. మిగిలినవారు కొనసాగితే అది మరో కొత్త భాగస్వామ్యం.

పేరు సంగతేమిటో 2003లో లండన్ హైకోర్టు ఓ తీర్పులో తేల్చింది. హెవీ మెటల్ బ్యాండ్ ‘సాక్సన్’ నుంచి వేర్వేరు కాలాల్లో బయటికొచ్చిన ఇద్దరు, బ్యాండ్ పేరును తమ ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయించుకున్నారు. మొదటి నుంచీ పాడుతున్న బిఫ్ బైఫోర్డ్ కోర్టుకెళ్లారు. జస్టిస్ లాడీ ఆ నమోదు చెల్లదన్నారు. ఆయన వివరణ సారాంశం ఇది: వేరే ఒప్పందం లేనప్పుడు, బ్యాండ్ పేరు, దానికున్న పలుకుబడి భాగస్వామ్యం ఆస్తి, ఏ ఒక్కరి జేబులోదీ కాదు. వెళ్లిపోయిన సభ్యుడు ఆస్తుల లెక్క తేల్చమని అడగవచ్చు. పేరులో తన ముక్క తాను పట్టుకుపోలేడు.

డ్యామ్డ్ ‘డూమ్డ్’గా మారిన 1978లో ఇంత స్పష్టత లేదు. అందుకే పేరు మార్చుకుని తిరగడం కంటే చవకైన దారి వారికి కనిపించలేదు. ఆ రోజుల్లో డ్యామ్డ్ డ్రమ్మర్‌గా కొద్దికాలం ఉన్న జాన్ మాస్‌కు ఇదే చిక్కు దశాబ్దాల తర్వాత మరో బ్యాండ్‌లో ఎదురైంది. ఆయన తర్వాత చేరిన ‘కల్చర్ క్లబ్’ నుంచి తనను వెళ్లగొట్టారంటూ వేసిన దావాలో, మిగిలిన సభ్యులు ఆయనకు 17.5 లక్షల పౌండ్లు చెల్లించాలని 2023లో తేలింది. ఆయనను వదిలించుకుని పాత పేరుతో సాగినందుకు కట్టిన ధర అది.

మిగిలిన బ్యాండ్‌లు ఎంచుకున్న దారులు

లండన్‌కే చెందిన ‘యూకే సబ్స్’లో గాయకుడు చార్లీ హార్పర్ ఒక్కరే మొదటి నుంచీ ఉన్నారు. ఆయన చుట్టూ పదుల సంఖ్యలో వాద్యకారులు మారారు. 1979 నుంచి 2016 వరకు ఆల్బమ్ పేర్లు ఇంగ్లిష్ అక్షరమాల వరుసలో ‘ఎ’ నుంచి ‘జెడ్’ దాకా పెట్టుకుంటూ వచ్చారు. మాంచెస్టర్‌లో మార్క్ ఇ. స్మిత్ నడిపిన ‘ది ఫాల్’ ఇంకా తీవ్రం. ఆ బ్యాండ్ గుండా 60 మందికి పైగా వెళ్లారు. యజమాని ఒక్కరే కాబట్టి పేరు మీద తగాదా లేదు. అయితే 2018 జనవరిలో స్మిత్ చనిపోవడంతో బ్యాండ్ కూడా ఆగిపోయింది.

క్లాష్ దారి వేరు. పాటల్లో సగం భారం మోసిన మిక్ జోన్స్‌ను 1983లో వెళ్లగొట్టి, కొత్తవారితో 1985లో ‘కట్ ది క్రాప్’ చేశారు. శ్రోతలు దాన్ని క్లాష్‌గా ఒప్పుకోలేదు. ఏడాది తిరక్కుండానే బ్యాండ్ ముగిసింది. చట్టప్రకారం పేరు వారిదే, వినేవారు మాత్రం ఇవ్వలేదు.

సెక్స్ పిస్టల్స్‌లో పని చేసింది ఒప్పందం. సభ్యుల్లో మెజారిటీ మాటే చెల్లేలా 1998లో రాసుకున్నారు. బ్యాండ్ కథతో తీసిన టీవీ సిరీస్‌కు పాటలివ్వనని లైడన్ పట్టుబట్టినప్పుడు, స్టీవ్ జోన్స్, పాల్ కుక్ ఆ కాగితంతోనే 2021లో లండన్ హైకోర్టులో గెలిచారు. ఇప్పుడు లైడన్ లేని పిస్టల్స్ కచేరీల వెనుక ఆ నేపథ్యం ఉంది. డ్యామ్డ్ ఒకే యజమాని పద్ధతికీ, ఉమ్మడి పద్ధతికీ మధ్య ఎక్కడో నిలిచింది. ముగ్గురు నలుగురు పాతవారిలో ఎప్పుడూ కనీసం ఇద్దరు ఉంటూ వచ్చారు. 1984 తర్వాత వానియన్, స్కేబీస్. 1996 తర్వాత వానియన్, సెన్సిబుల్. ఆ ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ గాయకుడే. వాద్యకారుడు మారితే హాల్లో చాలామందికి తెలియదు, గొంతు మారితే మొదటి పాదంలోనే తెలిసిపోతుంది. క్లాష్‌కు కుదరనిది వీరికి కుదరడానికి ఇదొక కారణం. పాటల ఉమ్మడి రచన రెండో కారణం.

రాసినవారికి ఒక దారి, పాడినవారికి ఒక దారి

జేమ్స్ రాసిన ‘న్యూ రోజ్’, ‘నీట్ నీట్ నీట్’ లేకుండా డ్యామ్డ్ కచేరీ దాదాపు ఉండదు. అందుకు జేమ్స్ అనుమతి అడగాల్సిన పని లేదు. హాలు నడిపేవారు పాటల రచయితల సంఘమైన పీఆర్ఎస్ దగ్గర లైసెన్సు తీసుకుంటారు. టికెట్ల రాబడిలో కొంత శాతం సంఘానికి వెళ్తుంది. 2018 దాకా 3 శాతంగా ఉన్న ఈ రేటు ఆ ఏడాది 4.2 శాతమైంది. ఆ రాత్రి ఏయే పాటలు వాయించారో జాబితా పంపితే, రచయితలకు డబ్బు చేరుతుంది. బ్యాండ్‌తో మాటల్లేని రోజుల్లోనూ జేమ్స్‌కు ఈ వాటా వచ్చేది.

2017లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం విదేశీ కచేరీల్లో తన పాటలు పాడటం మీద ఇళయరాజా లీగల్ నోటీసు పంపినప్పుడు తెలుగునాట సాగిన చర్చ గుర్తుండే ఉంటుంది. సమస్య మూలం ఒకటే: పాట సృష్టించినవారి హక్కు వేరు, దాన్ని వేదిక మీద బతికించినవారి పేరు వేరు. తేడా ఏమిటంటే బ్రిటన్‌లో హాలు దగ్గరే డబ్బు వసూలయ్యే ఏర్పాటు బలంగా ఉంది. కాబట్టి గాయకుడికీ స్వరకర్తకూ నేరుగా తగాదా పడే సందర్భాలు తక్కువ.

వేరేవాళ్లు పాడినా ఇదే లెక్క. 1993లో అమెరికన్ బ్యాండ్ ‘గన్స్ ఎన్ రోజెస్’ ‘న్యూ రోజ్’ను తమ ఆల్బమ్‌లో చేర్చింది. 1995లో ‘స్మాష్ ఇట్ అప్’ను ఆఫ్‌స్ప్రింగ్ పాడగా, అది ‘బ్యాట్‌మ్యాన్ ఫరెవర్’ సినిమా పాటల సంకలనంలో వచ్చింది. మొదటిదాని రాబడి జేమ్స్‌ది, రెండోదాని రాబడి 1979 నాటి నలుగురిది. ఎన్నేళ్లు డ్రమ్స్ మోగించినా రచనలో పేరు లేకపోతే ఈ దారిలో ఒక్క పెన్నీ రాదు. బ్యాండ్‌లు చీలడానికి సంగీత అభిప్రాయభేదాలు అని పత్రికలు రాసేచోట, తరచూ ఉండేది ఈ రెండు ఆదాయాల మధ్య పెరిగే దూరమే.

ఇక మీదట

బ్రిటన్‌లో పాత పంక్‌కు మార్కెట్ తగ్గలేదు. బ్లాక్‌పూల్‌లోని వింటర్ గార్డెన్స్‌లో ఏటా జరిగే రెబెలియన్ ఉత్సవం ఈ తరం బ్యాండ్‌ల మీదే నడుస్తుంది. అసలు సభ్యులు తగ్గుతున్నకొద్దీ పేరు విలువ పెరుగుతుందే తప్ప తగ్గదు. 1994లో లీ బ్రిలో మరణించాక కూడా, స్థాపించినవారు ఒక్కరూ లేకుండా డాక్టర్ ఫీల్‌గుడ్ కచేరీలు చేస్తూనే ఉంది. స్టిఫ్‌కు 400 పౌండ్లు అప్పిచ్చిన మనిషి బ్యాండే అది. డ్యామ్డ్ కూడా ఒకరోజు ఆ దారి పట్టొచ్చు. కానీ వానియన్ గొంతు, ఆ వేషం లేకుండా ఆ పేరు నిలవడం కష్టమే. క్లాష్‌కు ఎదురైన అనుభవం ఇక్కడా ఎదురవుతుంది.

పాటల హక్కులకు మాత్రం మనుషులతో పని లేదు. బ్రిటిష్ చట్టంలో కాపీరైట్ రచయిత మరణించిన ఏడాది తర్వాత 70 ఏళ్లు ఉంటుంది. జేమ్స్ ఒక్కరే రాసిన పాటల రాబడి 2095 చివరిదాకా ఆయన వారసులకు వెళ్తుంది. ఉమ్మడి రచనల్లో ఆ గడువు చివరి రచయిత మరణం నుంచి మొదలవుతుంది. 1979 నాటి నలుగురిలో ఆల్జీ వార్డ్ 2023లో పోయారు. మిగిలిన ముగ్గురు ఇంకా వేదిక మీదే ఉన్నారు కాబట్టి, ఒకటిన్నర ఏడాదికి మించి బ్యాండ్‌లో లేని వార్డ్ వారసులకు అందే ‘స్మాష్ ఇట్ అప్’ వాటాకు ఆ 70 ఏళ్ల లెక్క ఇంకా మొదలే కాలేదు.